మొక్కుకోడి ఉందా తల్లీ?

పోయిన వారం ఖమ్మంలో రైల్వే గేటు పడి చాలాసేపు ఆగిపోయాను. అప్పుడే ఒక జల్లు కొట్టి వెలిసింది. నా బండి పక్కన కోళ్ల లారీ ఒకటి నిలబడి ఉంది. ఇనుప గూళ్లలో కుక్కిన తెల్లకోళ్లు, తడిసిన ఈకల వాసన, కింద నానిన వరిపొట్టు వేసే పుల్లటి కంపు. చుట్టుపక్కల వాళ్లంతా ముక్కు మూసుకుని మొహాలు తిప్పుకుంటుంటే, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుని నాలో నేను నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆటోలో ఉన్న ఒకావిడ నన్ను అనుమానంగా చూసింది. ఆమెకేం తెలుసు, తడి ఈకల వాసన వచ్చిందంటే నాకు యాకూబ్ చాచా వచ్చినట్టే. గేటు తీశాక కూడా వెనక హారన్లు మోగేదాకా నేను కదల్లేదు.

యాకూబ్ చాచా పెద్ద ఆఫీసరేం కాదు. ఇల్లందుకూ కారేపల్లికీ నడుమ, అడవి అంచున ఉన్న ఒక చిన్న పశువుల దవాఖానాలో అటెండరు. మా జిల్లాలో యాకూబ్ అన్న పేరు హిందువులకూ ఉంటుంది, ముస్లింలకూ ఉంటుంది కాబట్టి చెబుతున్నాను, ఈయన ముస్లిం. తాతతండ్రులు ఇల్లందులో నాల్‌బందీ పని చేసేవారు, అంటే ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టేవారు. ఎడ్లబండ్లు తగ్గి ట్రాక్టర్లు పెరిగాక ఆ పనికి కాలం చెల్లింది. ఈయన సుత్తి, నాడాలు పెట్టెలో పెట్టేసి దవాఖానాలో చేరిపోయాడు. నేను చూసేనాటికి యాభై అయిదు దాటిన మనిషి. బక్కపలచగా ఉండేవాడు. టోపీ తలమీద కంటే జేబులోనే ఎక్కువసేపు ఉండేది. డాక్టరుగారు ఇల్లందు నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగిలిన రోజుల్లో కాగితాల మీద దవాఖానాకు పెద్దను నేను, అసలు పెద్ద ఆయన. ఈ సంగతి ఊళ్లో పశువులకు కూడా తెలుసు, నాకే కాస్త ఆలస్యంగా తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లవి. నాకు ఇరవై మూడేళ్లు. మాది మధిర వైపు పల్లె. పశువైద్యంలో రెండేళ్ల డిప్లొమా చదివి, సహాయకురాలిగా ఉద్యోగం తెచ్చుకుని, సంక్రాంతి వెళ్లిన వారానికి జాయినయ్యాను. కారేపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. మొదటి మూడు నెలలు నేను నేల మీద నడవలేదు. ఇప్పపూల వాసన గురించి ఇంటికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఎస్టీడీ బూత్‌లో నిలబడి అమ్మకు నెమలి కూత వినిపించడానికి ఫోను బయటికి పట్టుకున్నాను. నెమలి కూయలేదు, మీటరు మాత్రం తిరిగింది. ఎద్దు నన్ను తన్నినా ఆనందమే, దూడ చేయి నాకినా ఆనందమే. చాచా ఆ వేడుకనంతా చూసేవాడు కానీ పెద్దగా ఏమీ అనేవాడు కాదు.

అడవిలోపలి చిన్న ఆదివాసీ పల్లెలను ఇక్కడ గుంపులంటారు. మా దవాఖానా కింద అలాంటివి చాలా ఉండేవి. వాటిలో చింతలగుంపు ముప్పై రెండు ఇళ్లది. చేరిన రెండో వారంలోనే అక్కడ మీటింగు పెట్టించాను. మూడు సాయంత్రాలు కూర్చుని చార్టు మీద రంగురంగుల స్కెచ్‌పెన్నులతో సంకరజాతి ఆవు బొమ్మ గీసి, పొదుగుకు ప్రత్యేకంగా గులాబీరంగు వేసి తీసుకెళ్లాను. పాలు ఎలా పెరుగుతాయో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. జనం ఎంతో మర్యాదగా విన్నారు. ఊరిపెద్ద కోటయ్య తాత తల ఊపుతూ కూర్చున్నాడు. అంతా అయ్యాక ఆయన భార్య ముత్తవ్వ చేయెత్తి అడిగింది.

"గన్ని పాలు మీరు పిండుకుంటే మరి దూడ ఏం తాగుతది?"

"దూడక్కూడా కొంచెం వదలొచ్చు అవ్వా" అన్నాను నేను ఉదారంగా.

"అది దాని తల్లి పాలు. మీరెందుకు తాగుతరు బిడ్డా? మీకు తల్లి లేదా?"

అంతే, గుంపు గుంపంతా పగలబడి నవ్వింది. ఆ ఊళ్లో ఆవును పితకరు. పాలు దూడవి, ఎద్దులు దుక్కికి, అంతటితో సరి. నేను చార్టు చుట్టి చంకలో పెట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు చాచా మోపెడ్ వెనక కూర్చుని, "ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని అలిగాను. అప్పటికింకా గారు, అండీ అనే పిలుపే.

"చెప్తే వినేదానివా బిడ్డా? గంత మంచిగ గీసినవ్. నేను ఒద్దంటే నా మీద కోపమొస్తుండె. వాళ్లు నవ్విండ్రు, ఇగ నీకు యాదుంటది" అన్నాడు. కాసేపాగి, "బొమ్మ మాత్రం మస్తుంది. పొదుగు జర పెద్దగైంది గని" అన్నాడు. నాకూ నవ్వాగలేదు. ఆ రోజు నుంచే ఆయన నాకు చాచా అయ్యాడు.

ఆయన పని తీరు దగ్గరుండి చూసింది మాత్రం ఎండాకాలం ముందు కోళ్లకు టీకాలు వేసినప్పుడు. కొక్కెర తెగులని కోళ్లకో రోగం ఉంది. అది వచ్చిందంటే వారం తిరిగేసరికి ఊళ్లో గంపలన్నీ ఖాళీ. దానికి కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క మందు వేయాలి. మందుపొడిలో నీళ్లు కలిపాక మంచు ఫ్లాస్కులో పెట్టుకుని రెండు గంటల్లో ముగించాలి. అందుకని జనం గంపలెత్తి కోళ్లను వదలకముందే, తెల్లవారేసరికి ఊళ్లో ఉండాలి. ఒకసారి వదిలారంటే ఇక వాటిని పట్టేది మనం కాదు, గండుపిల్లి. అంత తొందర పనిలోనూ చాచా ప్రతి గడప ముందూ ఆగేవాడు. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడి, ఇంటావిడ బయటికి వచ్చేదాకా చూసి, "మొక్కుకోడి ఉందా తల్లీ?" అని అడిగేవాడు. ఉంటే ఆమె దాన్ని చూపించేది. అమ్మవారికి ఇస్తామని మాటిచ్చి పెంచుతున్న కోడి అన్నమాట. దాన్ని పైవాళ్లు ముట్టకూడదు, దానిమీద గాటూ గుర్తూ పడకూడదు. చాచా ఆ ఒక్కదాన్ని వదిలేసి మిగతావాటి దగ్గర కూర్చునేవాడు. లేదంటే, "మరి చెయ్యేద్దునా?" అని ఇంకో మాట అడిగి అప్పుడు గంప ఎత్తేవాడు. ముప్పై రెండు ఇళ్లకు ముప్పై రెండు సార్లు, అదే గొంతు.

నాకు పదో ఇంటి దగ్గరే ఓపిక పోయింది. మంచు కరిగిపోతోందని గోల. "అందర్నీ ఒకచోట పిలిచి ఒక్కసారే అడిగేయొచ్చుగా చాచా?" అన్నాను.

"అన్నం తిన్నవా అని ఊరందర్ని నిలబెట్టి ఒక్కసారే అడుగుతమా బిడ్డా?" అని ఆయన తరవాతి ఇంటికి నడిచాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. నా వింత ఏప్రిల్ నెలతో అయిపోయింది. దవాఖానా మీది రేకులు పది గంటలకే కాలేవి. అదే ఎద్దు, దాని మెడమీద అదే పుండు, అదే రైతు, "ఇంకా తగ్గలేదమ్మా" అనే అదే మాట. తలకు ఎన్నిసార్లు కుంకుడుకాయలు రుద్దుకున్నా జుట్టులో పేడవాసన. ఇప్పపూలు రాలడం అయిపోయాక అడవి కూడా ఎర్రమట్టి దుమ్ము తప్ప ఏమీ చూపించలేదు. ఇంటికి ఉత్తరాలు పోస్టుకార్డులయ్యాయి. సాయంత్రం కారేపల్లిలో దిగి, మధిర వైపు పోయే బస్సు కనిపిస్తే దాని వెనక అద్దం కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడేదాన్ని. ఉద్యోగం మీద కోపమేమీ లేదు. పొద్దున లేవగానే ఆ రోజు ఏం జరగబోతోందో ముందే తెలిసిపోవడం, అదీ నా బాధ. చేతులు వాటంతట అవే పనిచేసుకుపోయేవి, నేను ఎక్కడో ఉండేదాన్ని.

చాచా కనిపెట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం తన డబ్బాలోంచి చింతపండు పులుసు కలిపిన ఖట్టా నా అన్నంలో పోస్తూ, "ఈ మధ్య చార్టులు గీస్తలేవు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "కొత్త చెప్పు కరుస్తది బిడ్డా, పాత చెప్పు జారుతది. కరిసినప్పుడు అందరు సూసుకోని నడుస్తరు. జారేటప్పుడే ఎవ్వరు సూస్కోరు" అన్నాడు. నేను నవ్వేసి ఖట్టా ఇంకొంచెం పోయించుకున్నాను.

జూన్ మొదట్లో తొలి వాన పడింది. వానాకాలం ముందు వేయాల్సిన కోళ్ల టీకాలు కూడా అప్పుడే వచ్చాయి. అదే సమయానికి చాచా చిన్నకూతురు ఖమ్మం దవాఖానాలో కాన్పుకు చేరింది. "నేనొచ్చేదాక ఆగుతవా?" అని అడిగాడు పోయేముందు. ఆ మాత్రం నేను చేసుకోలేనా అని పౌరుషానికి పోయాను. మర్నాడు మొదటి జీపు పట్టుకుని ఫ్లాస్కుతో చింతలగుంపులో దిగాను. పని జల్దీగా అవడానికి నా సొంత తెలివి కూడా ఒకటి వాడాను. మందు వేసిన కోడికే మళ్లీ వేయకుండా, పుండ్లకు పూసే ఊదారంగు మందు రెక్క కింద ఒక చుక్క గుర్తు పెట్టుకుంటూ పోయాను. గంప ఎత్తు, పట్టు, కన్ను, ముక్కు, రెక్క, వదులు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాలన్న సంగతి గుర్తులేక కాదు, అడిగితే ఇంటికి రెండు నిమిషాలు దండగ అనిపించింది. కోటయ్య తాత ఇంటికి వెళ్లేసరికి ముసలిదంపతులు చేలో కంప కొట్టడానికి పోయి ఉన్నారు. వాకిట్లో గంపలున్నాయి. ఒక మూల విడిగా, చిన్న గంప కింద నల్లపెట్ట ఒకటి ఉంది. పట్టుకోవడం తేలికే కదా అని సంతోషించి దానికీ వేశాను, దాని రెక్కకూ చుక్క పెట్టాను. చాచాతో రెండు గంటలు పట్టే ఊరిని గంటన్నరలో ముగించి, నా భుజం నేనే తట్టుకుంటూ వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత చాచా మనవడు పుట్టాడని పేడాల డబ్బాతో వచ్చాడు. నా నోట్లో ఒకటి పెట్టి, చింతలగుంపు ఎట్ల అయిందని అడిగాడు. గంటన్నరలో కొట్టేశానని చెప్పాను. ఊదారంగు చుక్క గురించి కూడా గొప్పగా చెప్పాను.

"కోటయ్య ఇంట్ల నల్లపెట్ట ఉండె గదా, ఇడిగ గంప కింద?"

"ఉంది. దానికీ వేశాను."

చాచా డబ్బా మూత పెట్టేశాడు. "గది విత్తనాల పండుగ కోడి బిడ్డా. పోయినేడు అమ్మ ముంగట ఊరంత కలిసి మాటిచ్చిన కోడి. ఎల్లుండే పండుగ" అన్నాడు.

పండుగ అయ్యేదాకా చింతలగుంపులో ఒక్క గింజ నేలలో పడదు. అమ్మవారి ముందు విత్తనాలు పోసి, ఆ కోడి ముందు నాలుగు బియ్యపుగింజలు వేస్తారు. కోడి తింటే అమ్మ ఒప్పుకున్నట్టు, నాగళ్లు కదులుతాయి. తినకపోతే లేదు. ఇదంతా చాచా చెబుతుంటే నా నోట్లో పేడా కరగడం మానేసింది. అయినా వయసు అలాంటిది, వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు.

"నల్లకోడి మీద ఊదారంగు ఎవరికి కనబడుతుంది చాచా? నేను పెట్టినప్పుడు నాకే కనబడలేదు. మనం చెప్పకపోతే ఎవరికీ తెలియదు."

ఆయన గోడకు ఆనించిన మోపెడ్ వైపు చూస్తూ నిలబడ్డాడు. "అవ్, తెల్వదు" అన్నాడు చివరికి. "చెప్తే వాళ్ల మనసు ఇరుగుతది. రేపటి సంది మనల్ని గంప ముట్టనియ్యకపోవచ్చు. గప్పుడు తెగులొస్తె కోళ్లన్ని పోతయ్. చెప్పకపోతే ఏం గాదు. చెప్పుమని నిన్ను అననీకి నాకు నోరు లేదు బిడ్డా. నీ ఇష్టం." ఆయన గొంతు అలా తడబడటం నేనెప్పుడూ వినలేదు. ఆ తడబాటు నా తప్పు వల్లేననుకున్నాను.

ఆ సాయంత్రం కారేపల్లి బస్సులో చింతలగుంపు మనిషి ఒకాయన కమ్మరి దగ్గర సాగగొట్టించిన నాగటికర్రును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. "మా కోళ్లకు చుక్కలేసినవంట గదా మేడం, మంచి పని చేసినవ్" అన్నాడు. ఆయన అలా అనకపోయినా బాగుండేది. పక్కనే కూర్చుని కారేపల్లి దాకా ఆ కర్రు మొన చూస్తూనే ఉన్నాను. నాకు అమ్మవారంటే భయం వేసిందని చెబితే అబద్ధం. ఆ మనిషి మొహం చూసి సిగ్గేసింది, అంతే.

మర్నాడు పొద్దున్నే చాచాను బండి తీయమన్నాను. ఎక్కడికని ఆయన అడగలేదు. కోటయ్య తాత వాకిట్లో కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. నేను చెప్పులు విడిచి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అడగకుండా ముట్టానని, రంగు పెట్టానని, దాచేద్దామని కూడా అనుకున్నానని. తాడు పేనే చేతులు ఆగిపోయాయి. ముత్తవ్వ గంప ఎత్తి కోడిని తెచ్చి, రెక్క విప్పి ఎండకు పట్టింది. ఏటవాలుగా చూస్తే నలుపులో ఊదారంగు నిగనిగమని మెరిసింది. ముసలిదంపతులు వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇంకో కోడి పెట్టొచ్చా తాతా? నేను కొనిస్తాను" అన్నాను.

"మాటిచ్చింది దీన్ని. మారుస్తే మాట మారినట్టే గదా" అన్నాడు కోటయ్య తాత. కోపంగా అనలేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. "కడుగుదాం. కడిగి అమ్మనే అడుగుదాం. తింటే తిన్నది. తినకపోతే ఇంకో పిల్లకు మాటియ్యాలె, అది పెరగాలె, గప్పటిదాక విత్తనం ఆగుతది." పైన మబ్బు పట్టి ఉంది. తడిసిన చేలు ఊరి చుట్టూ నల్లగా కనిపిస్తున్నాయి. నా ఊదారంగు చుక్క ఆ చేలన్నిటికీ అడ్డం పడిందని అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.

ఆ కోడికి తలంటు పోసిన వైభవం మాత్రం నా జీవితంలో మరిచిపోను. ముందు నేను సంచిలోంచి స్పిరిటు తీసి దూదితో తుడవబోయాను. ముత్తవ్వ వాసన చూసి నా చేయి పట్టుకుంది. "అమ్మ ముంగట గీ దవాఖానా సారా వాసన తోటి నిలబెడుతవా? ఇప్పసారా అయితే ఏమనదు గని, దీన్ని ఒప్పుకోదు" అంది. సీసా లోపల పెట్టేశాను. తరవాత కుంకుడుకాయలు కొట్టారు. వాగు ఒడ్డున చాచా కాళ్లు పట్టుకున్నాడు, నేను రెక్కలు పట్టుకున్నాను, ముత్తవ్వ నురగతో రుద్దింది. కోడి మా ముగ్గురినీ తిట్టని తిట్టు లేదు. నురగ దాని కళ్లలో పడకుండా నేను నా చున్నీ అడ్డం పెట్టాను. అది నా చున్నీ మీదే చేయాల్సిన పని చేసింది. ముత్తవ్వకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వగానే చాచా నవ్వాడు, నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడు సార్లు రుద్దాక నీళ్లు తెల్లగా దిగాయి. తడిసి ముద్దయిన కోడిని చున్నీలో చుట్టి, ఎండ వచ్చినప్పుడల్లా ఎండలోకి తిప్పుతూ మధ్యాహ్నం దాకా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. తడి ఈకల వాసన నాకు అంటింది ఆ రోజే.

పండుగనాడు మమ్మల్ని కూడా రమ్మన్నారు. ఆడవాళ్లతో కలిసి నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. చాచా మద్దిచెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు. ఆయన ఆ మాంసం తినడని ముత్తవ్వకు తెలుసు, ముందే నాలుగు మామిడిపళ్లు తెచ్చి పక్కన పెట్టింది. కోటయ్య తాత విత్తనాల కుప్ప ముందు బియ్యపుగింజలు వేసి కోడిని దించాడు. డప్పు ఆగింది. కోడి ఒక కాలు ఎత్తి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది, ఈకలు దులుపుకుంది. తరవాత తిన్నగా నావైపు తిరిగి, ఈవిడను నేనెక్కడో చూశానే అన్నట్టు మెడ వంచి చూసింది. ఎట్టకేలకు ముక్కు కిందికి పెట్టి టక్కున పొడిచింది. జనం ఒక్కసారి కదిలారు. ముందువరసలో ఒకాయన వంగి చూసి, "గింజ గాదు, చీమ" అన్నాడు. చీమ లెక్కకు వస్తుందా రాదా అని చిన్న వాదన కూడా మొదలైంది. చీమ రాదని కోటయ్య తాత తేల్చాడు. ఆ వాదనతో సంబంధం లేనట్టు కోడి నాలుగడుగులు నడిచి, ఒక గింజ తిన్నది, రెండోది తిన్నది, తరవాత ఆగకుండా అన్నీ ఏరుకుని తినేసింది. డప్పు దద్దరిల్లింది. ముత్తవ్వ నన్ను గట్టిగా కావలించుకుంది. నేను చిన్నపిల్లలా ఏడ్చేశాను, సంతోషానికి.

అప్పుడు చాచా లేచాడు. మద్దిచెట్టు కింది నుంచి నడిచి వచ్చి, జేబులోంచి టోపీ తీసి తలకు పెట్టుకుని, చేతులు కట్టుకుని కోటయ్య తాత ముందు నిలబడ్డాడు.

"అన్నా, నేను కూడ ఒకటి చెప్పుకునేదుంది. నేను నౌకరిల చేరిన మొదటి ఏడు, నీ ఇంట్ల మొక్కుపుంజుకు అడగక సూది ఏసిన. రెక్క కింద రక్తమొచ్చింది. తుడిసేసిన. ఎవ్వరికి చెప్పలే. మూడోనాడు దాన్నే అమ్మకిచ్చిండ్రు. ఆ ఏడు వాన పడలే. మీ చేన్లు ఎండిపోయినయ్. గసొంటివి నేను నమ్మ. గని నమ్మనోనికి కూడ ఇరవై ఏండ్ల సంది మనసుల ముల్లే ఉన్నది. గీ పోరి నిన్న చెప్పింది, ఇగ నేనెందుకు దాస్కోవాలె?"

గడప గడపకూ ఆగి అడిగే ఆ అడగడం ఆయన పెద్దరికమని, అలవాటని అనుకున్నానే గాని, దాని వెనక ఇంత కథ ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. చెప్పుమనడానికి తనకు నోరు లేదని ఎందుకన్నాడో కూడా అప్పుడే అర్థమయింది. కోటయ్య తాత చుట్ట నోట్లోంచి తీశాడు. కళ్లు చికిలించి, ఆ ఏడు ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు చూశాడు.

"యాకూబా, ఆ ఏడు కారేపల్లిల వాన పడలే, ఇల్లందుల పడలే, గోదారి ఒడ్డుకున్న బూర్గంపాడుల కూడ పడలే" అన్నాడు. "గంత పొడుగు సూదా నీది?"

ఆ నవ్వు ఎప్పటికి ఆగిందో నాకు తెలియదు. డప్పు కొట్టేవాళ్లు కూడా డప్పులు దించి నవ్వారు. చాచా మొదట నేలచూపులు చూశాడు, తరవాత భుజాలు కదిలాయి, చివరికి మొలకు చేతులు పెట్టుకుని వంగిపోయి నవ్వాడు. కళ్లనీళ్లు గడ్డంలోకి దిగుతుంటే తుడుచుకోలేదు. తిరుగుదారిలో వాన అందుకుంది. ఇద్దరం తడిసి ముద్దవుతుంటే ఆయన మోపెడ్ ఆపకుండా ఏదో పాత ఉర్దూ పాట పెద్ద గొంతుతో పాడుతూ వచ్చాడు. గొంతు ఏమాత్రం బాగాలేదు.

మళ్లీ ఎండాకాలం ముందు టీకాల రోజులు వచ్చాయి. చింతలగుంపులో ఏ ఇంటివాళ్లూ గంప ముట్టొద్దనలేదు. పైగా ఊదారంగు చుక్క పెట్టమని పిల్లలు వెంటపడ్డారు. అప్పటికి నాకు ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. ఇంటింటి గొడవా తెలుసు, ఏ ఎద్దు ఎటువైపు తన్నుతుందో తెలుసు. పొద్దున లేవగానే ఆ రోజు ఏం జరగబోతోందో తెలిసిపోవడం ఇప్పుడు ధైర్యంగా ఉండేది. మధిర బస్సు వస్తే సామాను పంపడానికి తప్ప అటు చూడటం మానేశాను. కోటయ్య తాత ఇంటి ముందు చాచా ఎప్పటిలాగే ఆగాడు. కాళ్లు దగ్గర పెట్టి, ముత్తవ్వ బయటికి వచ్చేదాకా నిలబడి అడిగాడు.

"మొక్కుకోడి ఉందా తల్లీ?"

నేను పక్కన చేరి, "ఇంకా ఎందుకు చాచా? అది చెప్పేసుకున్నారుగా" అన్నాను ఆటపట్టిస్తూ.

"ఇన్నేండ్లు భయానికి అడిగిన బిడ్డా" అన్నాడు, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "గిప్పుడు ఇష్టానికి అడుగుతున్న."

ఆయన రిటైరయ్యాక కూడా రెండు మూడు సార్లు టీకాలకు మాతో వచ్చాడు, ఊరికే, గంపల దగ్గర కూర్చోవడానికి. నేను అక్కడ ఆరేళ్లు చేశాను. చాచా పోయి కొన్నేళ్లయింది. ఇల్లందులో ఆయన్ను సాగనంపడానికి చింతలగుంపు నుంచి ఒక ట్రాక్టరు నిండా జనం వచ్చారు. ఆ తర్వాత నాకు నాలుగు ఊళ్లు మారాయి. ప్రతి కొత్తచోటా మూడు నెలలు నేల మీద నడవను, నాలుగో నెలలో రోత పుడుతుంది. ఇప్పుడు దానికి కంగారు పడను. ఆ నెలలో ఫైళ్లు పక్కన పెట్టి, టీకాలేసే కుర్రవాళ్లతో కలిసి ఇళ్లకు పోతాను. గడప ముందు ఆగుతాను, ఎవరో ఒకరు బయటికి వచ్చేదాకా నిలబడతాను, ముట్టుకునే ముందు అడుగుతాను. భయానికి అడిగానో, విసుగ్గా అడిగానో, ఇష్టానికి అడిగానో ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చు, నా గొంతు నాకు తెలుస్తుంది. ఇష్టం కాదనిపిస్తే ఇంకో ఇంటికి నడుస్తాను. మామూలుగా మూడో నాలుగో గడపకల్లా ఆ ఇష్టం వచ్చేస్తుంది.